మంగళవారం ప్రింటు రాదు

కంప్యూటర్ తప్పు చేస్తోందని చెబితే చాలదు, ఆ తప్పును ఇంకొకరి కళ్ల ముందు మళ్లీ చేయించి చూపాలి. అది కుదరని చోట కొందరికి పోయింది ఒక కాగితమే. ఇంకొందరికి పరువు, మరికొందరికి ప్రాణం

ఆ ఇల్లాలి ఫిర్యాదు వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఇంట్లో కంప్యూటర్‌లో ఉన్న ఓపెన్ ఆఫీస్ మంగళవారం నాడు ప్రింటు ఇవ్వదట. సోమవారం ఇస్తుంది, బుధవారం ఇస్తుంది, మంగళవారం మాత్రం మొరాయిస్తుంది. మంగళవారం కొత్త పని మొదలుపెట్టకూడదని నమ్మే మన ఊళ్లలో అయితే పెద్దవాళ్లు తలూపేవారేమో. కానీ వారం, వర్జ్యం పట్టించుకోని యంత్రం కదా కంప్యూటర్! భర్త నమ్మలేదు. ఆమె మంగళవారం దాకా ఆగి, ఆయన ఎదుటే ప్రింటు బటన్ నొక్కి చూపించింది. కాగితం రాలేదు. అదే కంప్యూటర్ నుంచి, అదే ప్రింటర్ మీద వేరే ప్రోగ్రామ్‌లు మాత్రం చక్కగా ప్రింటు ఇచ్చాయి.

ఉబుంటు లైనక్స్ వాడేవారి మధ్య 2008-09లో నలిగిన ఫిర్యాదు ఇది. అంతకుముందే ఇంకొందరు తమ ఓపెన్ ఆఫీస్ ప్రింటు ఇవ్వడం లేదని చెప్పారు. ఒకసారి వస్తుంది, ఇంకోసారి రాదు. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేసుకుంటే బాగైనట్టే ఉంటుంది, కొన్ని రోజులకు మళ్లీ మొదటికొస్తుంది. ఏ రోజు చెడింది, ఏ రోజు బాగైంది అన్నది ఎవరూ రాసి పెట్టుకోలేదు. ‘మంగళవారం’ అన్న ఒక్క మాట వచ్చి చేరేసరికి పిచ్చి ఫిర్యాదు కాస్తా ఆధారమైపోయింది.

తీగ లాగితే డొంక కదిలింది. తప్పు ఓపెన్ ఆఫీస్‌ది కాదు, ప్రింటర్‌దీ కాదు. ప్రింటుకు పంపే పత్రాన్ని ఆ కంప్యూటర్ ముందుగా పోస్ట్‌స్క్రిప్ట్ అనే భాషలోకి మార్చేది. అలా తయారైన ఫైల్ మొదట్లో అది పుట్టిన తేదీ, వారం ఇంగ్లీషులో పొట్టిగా రాసి ఉంటాయి. కొన్ని ప్రింటర్ల డ్రైవర్లు ఈ ఫైల్ ఏ రకమో తేల్చమని ‘ఫైల్’ అనే చిన్న ప్రోగ్రామ్‌ను అడుగుతాయి. ఫైళ్ల రకాలను పోల్చుకోవడానికి దాని దగ్గర గుర్తుల పట్టిక ఒకటి ఉంటుంది. అందులో ఎర్లాంగ్ అనే ప్రోగ్రామింగ్ భాషకు చెందిన ఒక రకం ఫైల్‌ను పట్టుకోవడానికి 1991 జనవరి 22, మంగళవారం అన్న తేదీని గుర్తుగా పెట్టారు. పట్టికలో రాసేటప్పుడు ఆ తేదీ మధ్య ఉన్న ఖాళీలను రాయవలసిన పద్ధతిలో రాయలేదు. దాంతో మొదటి ఖాళీ దగ్గరే గుర్తు తెగిపోయింది. మిగిలింది మంగళవారానికి ఇంగ్లీషులో వాడే మొదటి మూడు అక్షరాలే. మంగళవారం పుట్టిన పత్రంలో ఆ మూడు అక్షరాలు కనబడగానే ఇది ఎర్లాంగ్ ఫైల్ అని తీర్పు వచ్చేది. తనకు పనికొచ్చే ఫైల్ కాదనుకుని డ్రైవర్ దాన్ని పక్కన పడేసేది.

పట్టికలో సరిచేయవలసింది ఒక్క వరుస. అక్కడికి చేరడానికి పట్టింది నెలలు. ఆ దారి చూపింది ప్రోగ్రామింగ్‌లో నిపుణులు కాదు, వారానికోసారి ఒకే ఇబ్బంది పడుతూ దాన్ని గుర్తుపెట్టుకున్న ఒక మామూలు వినియోగదారు.

మెకానిక్ ముందు బుద్ధిమంతురాలు

రోజూ పది కిక్కులకు గాని కదలని బండి మెకానిక్ కాలు పెట్టగానే మొదటి కిక్కుకే స్టార్టవుతుంది. రాత్రంతా పీకిన పన్ను డాక్టరు కుర్చీలో కూర్చోగానే ఊరుకుంటుంది. సాఫ్ట్‌వేర్ బగ్ స్వభావం కూడా అచ్చం ఇలాంటిదే. వాడే మనిషి దగ్గర కనిపించింది బాగుచేసే మనిషి దగ్గర కనిపించదు. కారణం లేకపోలేదు. ఇద్దరి కంప్యూటర్లు ఒకటి కావు. సాఫ్ట్‌వేర్ వెర్షన్ వేరు, ఫాంట్లు వేరు, ప్రింటర్ డ్రైవర్ వేరు, చేతి వేగం వేరు. ఆఖరికి వారం కూడా వేరు కావచ్చునని పై ఉదంతం రుజువు చేసింది.

టాండెమ్ కంప్యూటర్స్‌లో పనిచేస్తూ, తర్వాత ట్యూరింగ్ అవార్డు అందుకున్న జిమ్ గ్రే 1985లోనే బగ్‌లను రెండు జాతులుగా విడదీశారు. నిలకడగా ఒకేలా ప్రవర్తించేవి ఒక రకం. వాటికి అణువు నమూనా ఇచ్చిన శాస్త్రవేత్త బోర్ పేరు పెట్టారు. వెతకబోతే మాయమయ్యేవి రెండో రకం. వాటికి అనిశ్చితత్వ సూత్రం చెప్పిన హైజన్‌బర్గ్ పేరు మీదుగా ‘హైజన్‌బగ్’ అన్న పేరు స్థిరపడింది. మొదటి జాతిని పట్టడానికి ఓపిక చాలు. రెండో జాతితోనే తంటా అంతా.

అందుకే ప్రోగ్రామర్ల లోకంలో బగ్‌ను సరిచేయడానికి ముందు ఇంకో పని ఉంటుంది. దాన్ని కావాలన్నప్పుడల్లా మళ్లీ రప్పించగలగాలి. మళ్లీ రప్పించలేని తప్పును సరిచేశామని చెప్పినా నమ్మడానికి లేదు. అది పోయిందో, దాక్కుందో తెలిసేదెలా? ఓపెన్ ఆఫీస్ నుంచి 2010లో విడిపోయి పుట్టిన లిబ్రే ఆఫీస్‌లో ఈ సంగతి నియమంగానే ఉంది. కొత్తగా వచ్చిన ఫిర్యాదు ‘అన్‌కన్ఫర్మ్‌డ్’ అన్న ముద్రతో మొదలవుతుంది. సంబంధం లేని ఇంకో మనిషి తన కంప్యూటర్ మీద అదే తప్పును చూశాకే అది ‘న్యూ’ అవుతుంది. అంటే, రెండో సాక్షి దొరికేదాకా అక్కడ బగ్ పుట్టినట్టు లెక్కే కాదు. వివరాలు చాలకపోతే ‘నీడ్ ఇన్ఫో’ అని అడుగుతారు. ఎవరికీ కనిపించకపోతే ‘వర్క్స్ ఫర్ మి’ అని ముద్ర పడుతుంది. నా దగ్గర బాగానే ఉంది అని దాని అర్థం.

చెప్పినవారికి ఈ చివరి ముద్ర చూస్తే ఒళ్లు మండుతుంది. ‘నువ్వు అబద్ధమాడుతున్నావు’ అన్నట్టు వినిపిస్తుంది. నిజానికి అది చెప్పేది ఒక్కటే, ఇద్దరి పరిస్థితుల్లో ఏదో తేడా ఉందని. ఆ తేడా ఎక్కడుందో వెతికే ఓపిక ఎవరిది అన్నదే అసలు ప్రశ్న.

ఎంచుకున్నది ఒకటి, వచ్చింది ఒకటి

ప్రింటుకు సంబంధించిన ఫిర్యాదుల్లో బాగా చిక్కు పెట్టేది ‘సెలెక్షన్’ ప్రింటు. ఒక డాక్యుమెంట్ రైటర్ 40 పేజీల దస్తావేజులోంచి ఆస్తి షెడ్యూలు మాత్రమే మౌస్‌తో ఎంచుకుని, ప్రింటు మెనూలో ‘సెలెక్షన్’ నొక్కాడనుకుందాం. చేతికొచ్చిన కాగితంలో చివరి రెండు వరుసలు లేవు. సరిహద్దులున్న వరుసలే ఎగిరిపోయాయి. ‘ప్రింటు సరిగ్గా రావడం లేదు’ అని అతడు చెబుతాడు. ‘మా దగ్గర వస్తోంది’ అని అవతలి వాళ్లంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

పైకి చిన్నగా కనిపించే ఈ పని లోపల పెద్దదే. తెర మీద కనిపించే పత్రానికి ఏ వరుస ఎక్కడ, ఏ పేజీ ఎక్కడ తెగాలన్న లెక్క ముందే జరిగి ఉంటుంది. అందులోంచి ఒక ముక్కనే అచ్చువేయాలంటే ఆ లెక్క పనికిరాదు. లిబ్రే ఆఫీస్ రైటర్ లాంటి ప్రోగ్రామ్ ఎంచుకున్న భాగాన్ని కాపీ చేసి, లోలోపల తాత్కాలికంగా ఇంకో పత్రం తయారుచేసి, దానికి పేజీల లెక్క మొదటి నుంచి వేసి ప్రింటర్‌కు పంపుతుంది. తెర మీద ఉన్న పత్రం, ప్రింటర్‌కు వెళ్లిన పత్రం ఒకటి కావన్నమాట. కాగితం సైజు, అడ్డమా నిలువా, పేజీ పైన ఉండే శీర్షిక, పేరాల వరుస నంబర్లు, ఫుట్‌నోట్లు, సగం వరకే ఎంచుకున్న పట్టిక, పేరాకు అతుక్కుని ఉన్న బొమ్మ - వీటిలో ఏది కాపీలో జారిపోయినా కాగితం మీద తేడా కనిపిస్తుంది.

అందుకే ఇలాంటి బగ్‌ను మళ్లీ రప్పించాలంటే అడగవలసిన ప్రశ్నలు చాలా ఉంటాయి. మౌస్‌తో ఎంచుకున్నారా, షిఫ్ట్ నొక్కి బాణం గుర్తులతోనా, కంట్రోల్, ఎ నొక్కి మొత్తం పట్టారా? పైనుంచి కిందికి లాగారా, కిందినుంచి పైకా? కంట్రోల్ నొక్కిపట్టి అక్కడో పేరా, ఇక్కడో పేరా విడివిడిగా ఎంచుకున్నారా? ఎంపిక పట్టిక మధ్యలో ఆగిందా? ప్రింటర్‌కు కాకుండా పీడీఎఫ్‌కు పంపితే కూడా ఆ రెండు వరుసలు పోతున్నాయా? ఈ చివరి ప్రశ్న ఒక్కటే సగం పని చేసిపెడుతుంది. పీడీఎఫ్‌లోనూ పోతే అనుమానం వర్డ్ ప్రాసెసర్ మీదికి మళ్లుతుంది. పీడీఎఫ్‌లో ఉండి కాగితం మీద లేకపోతే ప్రింటర్ వైపు, దాని డ్రైవర్ వైపు చూడాలి.

తర్వాతి పని కత్తిరింపు. 40 పేజీల్లో సగం తీసేసి మళ్లీ ప్రయత్నిస్తారు. తప్పు ఇంకా వస్తుంటే మిగిలిన సగంలో సగం తీసేస్తారు. ఆరు కత్తిరింపుల్లో 40 పేజీలు ఒక పేజీ లోపుకి దిగిపోతాయి. ఇంకో నాలుగైదింటికి పేరా దొరుకుతుంది. ఇదే లెక్కను వెర్షన్ల మీద కూడా నడుపుతారు. పాత వెర్షన్‌లో బాగుండి కొత్తదాంట్లో చెడితే మధ్యలో ఉన్న వాటిని సగం సగం చేసుకుంటూ పోతారు. వెయ్యి మార్పుల్లో ఏది ముంచిందో పది ప్రయత్నాల్లో తేలుతుంది. లిబ్రే ఆఫీస్ బృందం ఇందుకోసం పాత వెర్షన్లన్నిటినీ నడపడానికి సిద్ధంగా దాచి ఉంచుతుంది. ప్రోగ్రామింగ్ రానివారు కూడా చేయగల పని ఇది.

తెలుగు వాడేవారికి ఇంకో చిక్కు తోడవుతుంది. ‘స్త్రీ’ అన్నది కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం - మొత్తం ఆరు సంకేతాలు. ఎంపిక ఈ ఆరింటి మధ్యలో ఆగకుండా చూసుకోవలసింది సాఫ్ట్‌వేరే. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పనిచేసిన డీటీపీ ఆపరేటర్లకు వేరే రకం అనుభవం ఉంటుంది. కొట్టిన మ్యాటర్‌ను ఎంచుకుని మామూలు ఫాంటు పెడితే తెలుగు మాయమై ఇంగ్లీషు అక్షరాల గజిబిజి బయటపడుతుంది. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు రూపాలను కూర్చోబెట్టాయి మరి. కాబట్టి ‘తెలుగు సరిగ్గా ప్రింటు కావడం లేదు’ అన్న ఫిర్యాదుకు అర్థమే లేదు. ఏ ఫాంటు, యూనికోడా కాదా అన్నది చెప్పాకే అది ఫిర్యాదవుతుంది.

‘జ్ఞా’ తెచ్చిన తంటా

వివరం ఎంత చిన్నదైనా వదలకూడదని 2018 ఫిబ్రవరిలో ప్రపంచానికి నేర్పింది ఒక తెలుగు అక్షరమే. యాపిల్ ఐఫోన్లలో ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న రోజులవి. ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలుతోందని గగ్గోలు పుట్టింది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోన్ మొత్తం పడిపోయి లేచి, మళ్లీ పడిపోయేది. ఆ అక్షరం ‘జ్ఞా’ అని వార్తలన్నీ చాటాయి.

తెలుగువారికి ఇక్కడే అనుమానం రావాలి. జ్ఞానం, జ్ఞాపకం, విజ్ఞానం లేకుండా తెలుగు నడవదు. ఐఫోన్‌లో తెలుగు రాసుకునేవారు ఆ అక్షరాన్ని అప్పటికే వేలసార్లు రాసి ఉంటారు. వారి ఫోన్లు ఎందుకు పడిపోలేదు? ఎవరైనా ‘జ్ఞా’ అని కీబోర్డు మీద మామూలుగా కొట్టి చూస్తే ఏమీ జరిగేది కాదు. అలా చూసినవారు ఇదంతా పుకారని తేల్చేయవచ్చు కూడా.

అసలు సంగతి కంటికి కనిపించని చోట ఉంది. ఫోన్లను పడగొట్టిన వరుసలో జ, పొల్లు, ఞ, ఆ తర్వాత దీర్ఘానికి ముందు ఇంకో సంకేతం దూరి ఉంది. అక్షరాలు కలిసిపోకుండా విడదీయడానికి వాడే ఆ సంకేతానికి రూపం, వెడల్పు ఏవీ లేవు. తెర మీద చూస్తే రెండు ‘జ్ఞా’లూ ఒకటే. లోపల ఒకదానిలో నాలుగు సంకేతాలు, రెండోదానిలో ఐదు. ఆ ఐదోది ఉన్నప్పుడే అక్షరాన్ని అమర్చే ప్రోగ్రామ్ తడబడింది. తవ్వినకొద్దీ దేవనాగరి, బెంగాలీ లిపుల్లోనూ ఇదే పద్ధతిలో ఫోన్‌ను పడగొట్టే వరుసలు బయటపడ్డాయి. నింద తెలుగు మీద పడింది గాని జబ్బు తెలుగుది కాదు. ఫిబ్రవరి 19న యాపిల్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది.

ఎనిమిది సెకన్ల రహస్యం

ఫోన్ పడిపోతే మళ్లీ లేస్తుంది. థెరాక్-25 కథ అలా ముగియలేదు. కెనడా ప్రభుత్వ సంస్థ ఏఈసీఎల్ తయారుచేసిన ఈ రేడియేషన్ చికిత్స యంత్రం 1985 జూన్ నుంచి 1987 జనవరి మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురికి మోతాదును మించి ఎన్నో రెట్లు రేడియేషన్ కొట్టింది.

1986 మార్చి 21న టెక్సాస్‌లోని టైలర్ పట్టణ క్యాన్సర్ కేంద్రంలో ఒక రోగికి చికిత్స మొదలైంది. ఆపరేటర్ ఎలక్ట్రాన్ కిరణాలకు బదులు పొరపాటున ఎక్స్‌రే అని కొట్టి, వెంటనే కర్సర్ పైకి జరిపి దిద్దుకున్నారు. యంత్రం ‘మాల్‌ఫంక్షన్ 54’ అని చూపి ఆగింది. 180 రాడ్‌లు పడవలసిన చోట వేల రాడ్‌లు పడ్డాయని తర్వాత అంచనా కట్టారు. కంపెనీ ఇంజనీర్లు వచ్చి పరీక్షించారు. ఎన్నిసార్లు నడిపినా తప్పు రాలేదు. ఏప్రిల్ 7న యంత్రాన్ని తిరిగి వాడుకలో పెట్టారు. నాలుగు రోజులకే, ఏప్రిల్ 11న, ఇంకో రోగి మీద అదే 54వ నంబరు వచ్చింది. ఇద్దరూ చనిపోయారు.

ఈసారి ఆసుపత్రి భౌతికశాస్త్ర నిపుణుడు ఫ్రిట్జ్ హేగర్ యంత్రాన్ని ఆపించి, ఆపరేటర్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ రోజు ఏ మీటలు ఏ వరుసలో నొక్కారో గుర్తు తెచ్చుకుంటూ మళ్లీ మళ్లీ కొట్టించారు. చివరికి కిటుకు దొరికింది. అది మీటల్లో లేదు, వేగంలో ఉంది. రోజూ అదే పని చేసి చేసి ఆపరేటర్ చెయ్యి తిరిగిపోయింది. యంత్రంలోని అయస్కాంతాలు కుదురుకోవడానికి పట్టే దాదాపు 8 సెకన్లలోపే దిద్దుబాటు ముగిస్తే, ఆ మార్పు ప్రోగ్రామ్‌లోని ఒక భాగానికి చేరేది కాదు. కంపెనీ ఇంజనీర్లు నిదానంగా, జాగ్రత్తగా కొట్టారు కాబట్టే వారికి తప్పు కనిపించలేదు. వేగంగా కొట్టి చూడమని హేగర్ చెప్పాక వారి దగ్గరా అదే ఫలితం వచ్చింది.

మంగళవారం ఇల్లాలికీ, టైలర్ ఆపరేటర్‌కూ పోలిక ఇక్కడే. యంత్రం తయారుచేసిన వారికి తెలియనిది దానితో రోజూ పనిచేసే మనిషికి తెలుసు. కానీ తమకు తెలిసినది ముఖ్యమైనదని ఆ మనిషికి తెలియదు. పక్కన కూర్చుని అడిగేవారు కావాలి.

‘మీ ఒక్కరికే’

అడగకపోతే ఏమవుతుందో బ్రిటన్ పోస్టాఫీసుల వ్యవహారం చెబుతుంది. ఫుజిత్సు కంపెనీ అందించిన హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌ను 1999 నుంచి అక్కడి పోస్టాఫీసుల్లో పెట్టారు. కౌంటర్లు నడిపే సబ్‌పోస్ట్‌మాస్టర్ల ఖాతాల్లో లేని లోటు కనిపించడం మొదలైంది. సహాయం కోసం ఫోన్ చేస్తే, ఇలా జరిగేది మీ ఒక్కరికేనని జవాబొచ్చిందని అనేకమంది తర్వాత విచారణలో చెప్పారు. లోటు సొంత జేబు నుంచి పూడ్చలేనివారు దొంగలయ్యారు. 1999 నుంచి 2015 మధ్య 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. వారిలో దక్షిణాసియా మూలాలున్నవారూ ఉన్నారు.

భారత సంతతికి చెందిన సీమా మిశ్రా సర్రీలోని వెస్ట్ బైఫ్లీట్‌లో పోస్టాఫీసు నడిపేవారు. సుమారు 74,000 పౌండ్లు కాజేశారని ఆమె మీద కేసు. తప్పు కంప్యూటర్‌దని ఆమె వాదించారు. ఫలానా తప్పు ఫలానా రోజు ఇలా జరిగిందని చూపాలంటే సాఫ్ట్‌వేర్ లోపలి రికార్డులు కావాలి. అవి ఆమె చేతిలో లేవు, ఆమెను జైలుకు పంపుతున్నవారి చేతిలో ఉన్నాయి. 2010 నవంబర్‌లో, గర్భవతిగా ఉండగానే, ఆమెకు 15 నెలల శిక్ష పడింది. 2021 ఏప్రిల్ 23న అప్పీలు కోర్టు ఒకేసారి 39 మంది శిక్షలను కొట్టేసింది. వారిలో ఆమె ఒకరు.

ఆ సాఫ్ట్‌వేర్ తప్పులు ఎలాంటివి? స్కాట్లాండ్‌లోని డాల్‌మెల్లింగ్టన్ కౌంటర్‌లో 2015లో బయటపడిన బగ్ చాలు ఉదాహరణకు. 8,000 పౌండ్ల నగదు బదిలీ నమోదు చేస్తుంటే తెర కదల్లేదు. ఎవరైనా చేసేదే చేశారు, మళ్లీ ఎంటర్ నొక్కారు. బదిలీ నాలుగుసార్లు నమోదైంది. కాగితం మీద 24,000 పౌండ్ల లోటు. మంగళవారం బగ్‌లాగే ఇదీ ప్రయత్నిస్తే మళ్లీ రప్పించగలిగినదే. రప్పించాలనే ఉద్దేశం ఉండాలి, అంతే. 555 మంది కలిసి నడిపిన దావాలో 2019 డిసెంబర్‌లో తీర్పు చెప్పిన జస్టిస్ ఫ్రేజర్, హొరైజన్‌లో తప్పుల్లేవన్న పోస్టాఫీసు వాదనను భూమి బల్లపరుపుగా ఉందని పట్టుబట్టడంతో పోల్చారు. 2024 మేలో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి మిగిలిన శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేసింది.

ఇన్నేళ్లు ఇది సాగడానికి చట్టంలోని ఒక ఊహ కూడా సాయపడింది. కంప్యూటర్ రికార్డును సాక్ష్యంగా పెట్టాలంటే అది సరిగ్గా పనిచేసిందని చూపాలన్న నిబంధనను ఇంగ్లండ్‌లో 1999 నాటి చట్టం తొలగించింది. కంప్యూటర్ సరిగ్గానే పనిచేసి ఉంటుందని కోర్టు అనుకుంటుంది. కాదనేవారే దానికి ఆధారం చూపాలి. అంటే బగ్‌ను పట్టుకునే బాధ్యత దాన్ని చూడడానికి కూడా అధికారం లేనివారి నెత్తిన పడిందన్నమాట. ఈ ఊహను మార్చాలా అన్న విషయమై బ్రిటిష్ ప్రభుత్వం 2025లో అభిప్రాయాలు సేకరించింది.

కాగితం చాలదు

భారత్‌లో చట్టం వేరే దారిలో నడిచింది. 2000 నాటి ఐటీ చట్టంతో సాక్ష్య చట్టంలోకి వచ్చిన 65బి సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఆ కాలంలో కంప్యూటర్ సక్రమంగా పనిచేసిందంటూ ధ్రువపత్రం ఇవ్వాలి. 2014లో అన్వర్ కేసులోనూ, 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులోనూ సుప్రీంకోర్టు అది తప్పనిసరి అంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ దాన్ని కొనసాగించి, నిపుణుడి సంతకాన్ని కూడా జోడించింది.

చూడడానికి మన పద్ధతే మేలనిపిస్తుంది. కానీ టైలర్‌లో ఇంజనీర్లు యంత్రం బాగానే ఉందన్నది అబద్ధమాడి కాదు. వారు చూసినంతలో బాగానే ఉంది. సక్రమంగా పనిచేసిందన్న సంతకం చెప్పేది కూడా అంతవరకే. ఎంత వెతికారు, ఎవరి ఫిర్యాదు విన్నారు, ఏ పరిస్థితిలో పరీక్షించారు అన్నది ఆ కాగితం చెప్పదు. జీతాలు, రేషన్, పింఛన్లు, భూమి రికార్డులు అన్నీ సాఫ్ట్‌వేర్ గుండా నడిచే దేశంలో కౌంటర్ ముందు నిలబడ్డ మనిషి ‘తప్పు చూపిస్తోంది’ అంటే, ‘సిస్టమ్‌లో అలాగే ఉంది’ అన్న జవాబుతో సంభాషణ ముగిసిపోతుంది. నిజానికి పరిశీలన మొదలవ్వాల్సింది అక్కడ.

వాడేవారు చేయగలిగింది కొంత ఉంది. ఏం చేశారు, ఏం జరిగింది, ఏం జరగాల్సింది - ఈ మూడూ వరుసగా రాయడం. తప్పుగా వచ్చిన కాగితాన్ని చించిపారేయకుండా దాచడం. తెరను ఫొటో తీయడం. సాఫ్ట్‌వేర్ వెర్షన్, తేదీ, సమయం పక్కన వేయడం. అర్థం లేదనిపించిన వివరాన్ని కూడా వదిలేయకపోవడం. ‘కంప్యూటర్ పాడైంది’ అనడం కంటే ‘పట్టిక చివరి రెండు వరుసలు ఎంచుకుని ప్రింటిస్తే పోతున్నాయి, పీడీఎఫ్‌లోనూ అంతే’ అన్న ఒక్క వాక్యం ఎంతో దూరం వెళుతుంది.

అవతలి వైపు చేయాల్సింది ఇంకా ఎక్కువ. రికార్డులూ, పాత వెర్షన్లూ, ఇతరుల ఫిర్యాదులూ వారి దగ్గరే ఉంటాయి. ఇలాంటిదే ఇంకెవరైనా చెప్పారా అని చూడగలిగేది వారే. ‘నా దగ్గర రావడం లేదు’ అనడంలో తప్పు లేదు, ఆ తర్వాత ‘మీరు ఎలా చేశారో ఒకసారి నా ముందు చేసి చూపించండి’ అని అడిగితే. టైలర్‌లో ఆ మాట అడగడానికి ఇద్దరు బలి కావలసి వచ్చింది. బ్రిటన్‌లో ఆ మాట అనడానికి 20 ఏళ్లు పట్టింది.